చేతికందని చదువు

బాలుడు తన చేతులతో చేసి, చూచి, కనుగొని నేర్చుకొనవలెనను మాట నేడు మన దేశమున విద్యావేత్తల ఆశయము మాత్రమే కాదు, అది చట్టము. 2009వ సంవత్సరమున పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టపు 29వ సెక్షను, పిల్లల చదువు కృత్యములద్వారా, అన్వేషణద్వారా సాగవలెనని విధించుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ మాటనే మరింత గట్టిగా చెప్పినది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు గల పిల్లలకొరకు ఆటవస్తువులు నింపిన పెట్టెనొకదానిని 'జాదూయీ పిటారా' అను పేర విడుదల చేసినది. ఇన్ని శాసనములు, ఇన్ని ప్రకటనలు ఉండగా, మన యూరి బడిలో కూర్చున్న పిల్లవాని చేతిలో నేడేమున్నది? కలము, నోటుపుస్తకము. అతడు చేయుచున్న పని యేమి? నల్లబల్లమీది జవాబును నోటుపుస్తకములోనికి ఎక్కించుట. చట్టమునకును తరగతిగదికిని నడుమ ఇంత దూర మెట్లేర్పడినదో విచారించుట నేటి మా యుద్దేశము.

ఈ దూరమువలన కలుగుచున్న నష్టము స్వల్పమైనది కాదు. గ్రామసీమలలోని పిల్లల చదువును పరీక్షించి ప్రకటింపబడు 'అసర్' నివేదిక ప్రకారము, 2024లో మూడవ తరగతి చదువు పిల్లలలో రెండంకెల తీసివేత చేయగలవారు సుమారు మూడవవంతు మాత్రమే. ఐదవ తరగతివారిలో భాగహారము చేయగలవారు నూటికి 31 మందికి మించలేదు. ఈ పిల్లలు బడికి రానివారు కారు. వచ్చి, కూర్చుండి, వల్లించి, వ్రాసి, పై తరగతికి పోయినవారే. బడికి పోని పిల్లవాని దురదృష్టము అందరకు కనబడును. బడికి పోయియు నేర్వనివాని దురదృష్టము పదవ తరగతి పరీక్షవరకు ఎవరికిని కనబడదు. అప్పటికి చేయదగిన దేమియు మిగులదు.

తప్పెక్కడ జరుగుచున్నదో ఒక చిన్న లెక్కవలన తెలియగలదు. రెండవ తరగతి పిల్లవానిని 42లోనుండి 17 తీసివేయుమందురు. రెండులోనుండి ఏడు పోదు గనుక పక్కయింటినుండి అప్పు తెమ్మని ఉపాధ్యాయుడు చెప్పును. పిల్లవాడు నాలుగును కొట్టివేసి మూడు వేయును. రెండు పక్కన ఒకటి చేర్చును. జవాబు 25 అని వచ్చును. పక్కయింటినుండి తెచ్చినది ఒకటే కదా, అది తనయింటికి వచ్చునప్పటికి పది యెట్లయ్యెనని అతడడుగడు. అడుగవచ్చునని అతనికి తెలియదు. నాలుగు దినములు గడచిన పిమ్మట అప్పుసంగతి మరచిపోవును. అప్పుడు ఏడులోనుండి రెండు తీసి ఐదనియు, నాలుగులోనుండి ఒకటి తీసి మూడనియు చూచుకొని 35 అని వ్రాయును. ఉపాధ్యాయుడు దానికి ఎఱ్ఱగీత పెట్టును. తాను చేసిన తప్పేమో పిల్లవానికి ఆ గీత చెప్పదు.

అదే పిల్లవాని చేతికి చీపురుపుల్లలను పదేసి చొప్పున దారముతో కట్టి నాలుగు కట్టలును, రెండు విడిపుల్లలును ఇచ్చి, నాకు పదునేడు పుల్లలిమ్మని అడుగుడు. ఒక కట్ట ఇచ్చుట సులభము. ఏడు విడిపుల్లలు ఇయ్యవలెనన్న చేతిలో రెండే యున్నవి. కొంతసేపు చూచును, ఆలోచించును, పక్కవానిని చూచును. తుదకు ఒక కట్ట దారము విప్పును. ఆ దారము విప్పిన క్షణముననే అతనికి స్థానవిలువ తెలిసినది. ఇప్పుడు పన్నెండు విడిపుల్లలున్నవి. ఏడు పోగా ఐదు, కట్టలు రెండు మిగిలినవి. పక్కయింటినుండి వచ్చినది ఒకటి కాదు, ఒక కట్ట యని అతడు ఇక మరువడు. ఏలయన ఆ కట్టను విప్పినవాడు తానే. దీనికైన ఖర్చు ఒక చీపురు, ఒక దారపుండ.

భూస్వాములగు మా పాఠకులకు మరియొక యుదాహరణము రుచింపగలదని తలంచుచున్నాము. ఎకరమునకు నూరు సెంట్లనియు, సెంటునకు 48.4 చదరపు గజములనియు ఐదవ తరగతి పిల్లవాడు వల్లింపగలడు. కాని సెంటు భూమి యెంత యుండునో చూపుమన్నచో నేలచూపులు చూచును. ఆ పిల్లలకు 28 గజముల త్రాడొకటి ఇచ్చి బడి ఆవరణములోనికి పంపుడు. నాలుగు మూలల నలుగురు పిల్లలు నిలిచి, ప్రక్కకు ఏడు గజముల చొప్పున త్రాటిని చదరముగా పట్టుకొన్నచో లోపల 49 చదరపు గజములు, అనగా సెంటుకన్న రవంత హెచ్చుగా నేల కనబడును. పిమ్మట ఆ త్రాటినే పది గజముల పొడవు, నాలుగు గజముల వెడల్పుగా పట్టుకొమ్మనుడు. లోపలి నేల 40 చదరపు గజములకు తగ్గును. పండ్రెండు గజముల పొడవు, రెండు గజముల వెడల్పు చేసినచో 24 మాత్రమే మిగులును. త్రాడు తరుగలేదు, నేల తరిగినది! చుట్టుకొలత వేరు, వైశాల్యము వేరు అను సంగతిని పదిసార్లు వ్రాయించినను రాని తెలివి ఈ త్రాటితో ఒక పూటలో వచ్చును. కంచెకు ఒకే ఖర్చు పెట్టిన రెండు పొలములలో దేనియందు భూమి హెచ్చో చెప్పజాలని చదువు, రైతుబిడ్డకు ఎందులకు పనికివచ్చునో మా పాఠకులే యోచింతురుగాక.

ఈ పద్ధతి పడమటినుండి దిగుమతియైన వింతయని కొందరు తలంతురు. అది పొరపాటు. మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరము దిద్దుచు, దిద్దుచున్న అక్షరమును పైకి పలికెడివారు. కన్ను, చెవి, నోరు, చేయి నాలుగును ఒక్కమారే పనిచేసెడివి. 1789లో మద్రాసు ఎగ్మూరునందలి అనాథబాలుర శాలకు అధికారియై వచ్చిన ఆండ్రూ బెల్ దొర, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, దానిని తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో ఆ సంగతిని ఇంగ్లండునందు గ్రంథముగా ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' అను పేర అది ఆ దేశపు బీదపిల్లల బడులకు ప్రాకినది. బళ్లారి కలెక్టరుగా నుండిన క్యాంబెల్ దొర 1823లో ఆ జిల్లాయందలి తెలుగు, కన్నడ బడులనుగూర్చి వ్రాసిన నివేదికలో, ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించుట యుక్తమేయని మెచ్చుకొనెను.

అయితే ఆ నివేదికలోనే మనకు చేదైన మాటయు కలదు. పిల్లలు తమకు అర్థముకాని కావ్యభాషలోని పద్యములను చిలుకలవలె వల్లించుచున్నారని ఆయన వ్రాసెను. ఆ మాట పరాయివాడు చెప్పినాడని త్రోసిపుచ్చుట మా యభిమతము కాదు. అక్షరము నేర్చునంతవరకు చేతికి పని యుండెను. అటుపిమ్మట చేతిని విడిచి నోటినే నమ్ముకొంటిమి. దొరతనమువారి బడులు వచ్చిన పిమ్మట ఈ లోపము తీరలేదు సరికదా, గుమాస్తాగిరి పరీక్షలతో మరింత ముదిరినది. శరీరశ్రమ తక్కువవారిది, చదువు ఎక్కువవారిది అను మన పాతభేదము దానికి తోడైనది.

ఈ భేదమును మూలమున ఖండింప బూనినవారు మహాత్ముడు. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాయందు ఆయన అధ్యక్షతను జరిగిన విద్యామహాసభ, ఏడేండ్ల ఉచిత నిర్బంధవిద్యను మాతృభాషలో, ఒక వృత్తిని కేంద్రముగా జేసికొని నేర్పవలెనని తీర్మానించినది. డాక్టరు జాకీర్ హుస్సేన్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఆ డిసెంబరులోనే పాఠ్యప్రణాళికను సమర్పించినది. ఐదున్నర గంటల దినచర్యలో మూడు గంటల ఇరువది నిమిషములు వృత్తికి కేటాయింపబడినవి. 1938లో హరిపుర కాంగ్రెసు దీనిని అంగీకరించినది. ఇందు ఉద్దేశము పిల్లలను సాలెవారిని చేయుట కాదు. తకిలితో నూలు వడకు పిల్లవాడు గజములు లెక్కించును. 840 గజముల చిలపలు ఎన్ని కూడిన ఒక పౌను తూగునో అదియే నూలు నంబరని తెలిసికొనును. ప్రత్తి యే నేలలో పండునో, ఆ నేల యెక్కడ నున్నదో, ఆ ప్రత్తి దేశాంతరమునకు పోయి బట్టయై యెట్లు తిరిగివచ్చెనో తెలిసికొనును. గణితము, భూగోళము, చరిత్ర మూడును ఆ తకిలిచుట్టు తిరుగవలెనని సంకల్పము.

ఆ సంకల్ప మేమయ్యెను? జాతీయోద్యమమును కొలిచిన మేము ఈ ప్రశ్నను దాటవేయరాదు. పిల్లలు తయారుచేసిన సరకుతో బడి ఖర్చు గడువవలెనను మాట ఆదినుండియు వివాదాస్పదమయ్యెను. పిల్లల శ్రమ వృత్తిపనివారితో పోటీకి దిగునని ప్రొఫెసరు కె. టి. షా వార్ధా సభలోనే ఆక్షేపించెను. పెక్కు బడులలో వడకుట ఒక గంట, లెక్కలు వేరొక గంట అయి, రెంటికిని నడుమ నుండవలసిన బంధము తెగిపోయినది. బంధము కలుపగల శిక్షణ ఉపాధ్యాయులకు తగినంత లభింపలేదు. వీటన్నిటిని మించిన కారణ మొకటి కలదు. వేదికలెక్కి బునియాదీ విద్యను కొనియాడిన పెద్దలలో అనేకులు తమ బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపిరి. అది బీదవారి చదువను ముద్ర పడినది. ముద్ర పడిన చదువు ఎంత మంచిదైనను నిలువదు. 1964లో ఏర్పడి 1966లో నివేదిక సమర్పించిన కొఠారీ సంఘము దాని స్థానమున 'కార్యానుభవము' అను పేరును సూచించినది. చాలచోట్ల ఆ పేరును కాలపట్టికలో ఒక గడిగా మాత్రమే మిగిలినది.

రెండవ ప్రయత్నము మధ్యప్రదేశమున జరిగినది. 1972లో హోషంగాబాదు జిల్లాయందు 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలలో, ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు విజ్ఞానశాస్త్రమును ప్రయోగములద్వారా నేర్పుట ఆరంభించిరి. పిల్లలు గుంపులుగా కూర్చుండి తామే ప్రయోగము చేయుదురు. చూచినదానిని తమ మాటలలో వ్రాయుదురు. తరగతియంతయు చర్చించి నిర్ణయమునకు వచ్చును. వీరు చేసిన మరియొక పని ముఖ్యమైనది. వీరు పరీక్షను మార్చిరి. పిల్లలు పుస్తకము తెరచి చూచుకొనవచ్చును; ప్రయోగము చేసి చూపవలెను. కంఠస్థము చేసినవానికి ఆ పరీక్షలో హెచ్చు లాభము లేదు. ముప్పదియేండ్లలో ఈ కార్యక్రమము వందలకొలది పాఠశాలలకు వ్యాపించినది. పైతరగతుల పరీక్షలలో మార్కులు తగ్గుచున్నవను ఆరోపణము బయలుదేరగా, 2002లో రాష్ట్రప్రభుత్వము దీనిని నిలిపివేసినది. క్రింది పరీక్ష మారి, పై పరీక్ష మారకున్నచో ఇట్లే యగును.

మూడవది మన తెలుగునాటి సంగతియే. 1980 దశకమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో ప్రాథమిక విద్యాపథక మొకటి నడచినది. చేయుటద్వారా నేర్చుకొనుట, వ్యక్తిగతముగను గుంపులుగను పని, పరిసరముల వినియోగము, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించుట మొదలగు ఆరు సూత్రములు ఉపాధ్యాయులకు బోధింపబడినవి. 'కృత్యము' అను మాట మన బడులలో ఇంటిమాటయైనది ఇట్టి పథకముల మూలముననే. మదనపల్లెకు సమీపమునగల ఋషివ్యాలీ విద్యాసంస్థవారు చుట్టుపట్ల పల్లెలలోని చిన్నబడులకొరకు మరియొక మార్గము కనుగొనిరి. పాఠమును చిన్నచిన్న కృత్యములుగా విభజించి, కార్డులపై వ్రాసి, నిచ్చెనమెట్లవలె అమర్చిరి. ఎవరి మెట్టు వారు ఎక్కుచుందురు. ఒక్క ఉపాధ్యాయుడు వేరువేరు తరగతుల పిల్లలను ఒకేగదిలో నడుపగలడు. ఈ విధానమును చూచి నేర్చుకొన్న మద్రాసు కార్పొరేషనువారు 2003లో తమ బడులలో దానిని ఆరంభించిరి; మరి నాలుగేండ్లలో తమిళనాడు ప్రభుత్వము రాష్ట్రమంతటను వ్యాపింపజేసినది. మన యింటి దీపము పొరుగింట వెలిగినందులకు సంతోషమే. మన యింటిలో ఆ వెలుగు మూలమూలకు ప్రసరింపకుండుటయే చింతింపదగినది.

ఈ మూడు కథలను కలిపి చూచినచో చదువునకును చేతికిని నడుమ మూడు తాళములు కనబడుచున్నవి. మొదటిది బీరువా తాళము. 1987లో ఆరంభమైన నల్లబల్ల పథకము ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధనోపకరణములు సమకూర్ప సంకల్పించినది. వచ్చిన వస్తువులు పెక్కుచోట్ల బీరువాలోనే యుండిపోయినవి. పిల్లలు విరుగగొట్టినచో తనిఖీ వేళ లెక్క చూపవలసివచ్చునని ప్రధానోపాధ్యాయుడు భయపడును. అతనిని నిందించి లాభము లేదు. వస్తువు అరిగినదా యని అడుగవలసిన తనిఖీదారు, వస్తువు ఉన్నదా యని అడుగుచున్నంతకాలము ఆ తాళము ఊడదు.

రెండవది పరీక్ష తాళము. త్రాడు పట్టి నేల కొలిచిన పిల్లవానిని సంవత్సరాంతమున సూత్రము వ్రాయుమని అడిగినచో, రాబోవు సంవత్సరము ఉపాధ్యాయుడు త్రాటిని మూలబెట్టి సూత్రమునే వల్లింపజేయును. అది అతని దోషము కాదు, వివేకము. దీనికితోడు ఒక్క ఉపాధ్యాయుడే ఐదు తరగతులు చూచుకొను బడులు నేటికిని కలవు. అతనిని ఇతర ప్రభుత్వకార్యములకు త్రిప్పుచు, కృత్యములు చేయింపలేదని మందలించుట న్యాయము కాదు.

మూడవ తాళము మన గౌరవభావమున నున్నది. తరగతిలో పిల్లలు మాటలాడుకొనుచు, పుల్లలు లెక్కించుచు, నేలమీద కూర్చుండి పనిచేయుచుండగా చూచిన తండ్రి, ఈ బడిలో ఆటలే కాని చదువు లేదని పిల్లవానిని మాన్పించును. నిండుగా వ్రాసిన నోటుపుస్తకము చూపిన బడి అతనికి మంచిబడి. పట్టణములయందు మరియొక వింత కలదు. బడివారు 'ప్రాజెక్టు' చేసికొని రమ్మందురు. తండ్రి కాగితపు దుకాణమునకు పోయి అట్టలు, థర్మకోలు కొనును, తల్లి రాత్రి పదిగంటలవరకు కత్తిరించి అతికించును, పిల్లవాడు నిద్రపోవును. మరునాడు దానికి మార్కులు వచ్చును. చేతిపని జరిగినమాట నిజమే. ఆ చేతులు మాత్రము పిల్లవానివి కావు.

ఎదురుపక్షమువారి మాటలోను కొంత సత్యము లేకపోలేదు. పుల్లలు చేతికిచ్చినంతమాత్రమున గణితము రాదు. ఉపాధ్యాయుడు తగిన వేళ తగిన ప్రశ్న వేయవలెను. పుల్లలనుండి అంకెలకు, అంకెలనుండి మనోగణితమునకు పిల్లవానిని నడుపవలెను. ఎల్లకాలము పుల్లలనే పట్టుకొనియుండుట నడక వచ్చినవానికి మూడుచక్రముల బండి ఇచ్చుటవంటిది. ఎక్కములు నోటికి రావలదని మేము చెప్పుటలేదు. అర్థమైన పిమ్మట కంఠస్థము చేసినది ఆయుధమువలె పనికివచ్చును. అర్థము కాకమునుపే కంఠస్థము చేయించుటయే మేము నిరసించుచున్నాము.

కావున చేయదగిన దేమి? ప్రభుత్వములు పరీక్షపత్రములో కొంతభాగమైనను చేసి చూపుటకు కేటాయింపవలెను. ఆ మార్పు ప్రాథమికముతో ఆగక పైతరగతులవరకు పోవలెను. చట్టము చెప్పిన ముప్పదిమందికి ఒక ఉపాధ్యాయుడను లెక్క జిల్లా సగటున గాక బడిబడికిని సరిచూడబడవలెను. అరిగిన వస్తువునకు సంజాయిషీ అడుగుట మానవలెను. ఇవి ప్రభుత్వమువారి వంతు.

మన వంతు ఒకటి కలదు. విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో మూడువంతులకు తక్కువగాకుండ, అనగా నాలుగింట మూడు స్థానములు, పిల్లల తల్లిదండ్రులవి. ఆ స్థానములలో కూర్చుండువారు భవనముల సున్నమును గూర్చియు, ప్రహరీగోడను గూర్చియు మాత్రమే మాటలాడి లేచిపోరాదు. బీరువా తెరిపించి, అందలి వస్తువులు పిల్లల చేతికి చేరినవా యని అడుగవలెను. ఊరి వడ్రంగిని, కుమ్మరిని, సాలెను, అనుభవముగల రైతును నెలకొకమారు బడికి పిలిపింపవలెను. వారు పిల్లల యెదుట పనిచేయగా, ఆ పనిలోని లెక్కను ఉపాధ్యాయుడు పిల్లలచేత కనుగొనజేయవలెను. భూమిగలవారు తమ పొలమున రెండు సెంట్లు బడిపిల్లల కొలతలకు, విత్తులకు విడిచిన వారి సంపద తరుగదు. వారి బిడ్డలుకూడ ఆ రెండు సెంట్లలో పనిచేయుచుండవలెను. లేనిచో బునియాదీ విద్యకు పట్టిన గతియే దీనికిని పట్టును.

జూన్ మాసమున బడులు తెరచునపుడు తండ్రులు పిల్లలను అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: నేడేమి వ్రాయించినారు? ఈ యేడు దానికి బదులు, నేడు నీ చేతులతో ఏమి చేసితివి, దానివలన నీకేమి తెలిసినదని అడుగుడు. పిల్లవాడు నాలుగు దినములు వరుసగా ఏమియు లేదని చెప్పినచో, ఐదవనాడు మీరు బడికి పొండు. చట్టములు పదునైదేండ్లుగా చేయలేని పనిలో కొంతభాగమైనను ఆ ప్రయాణమువలన నెరవేరునని మేము విశ్వసించుచున్నాము.